గిన్నె మోత

సాయంత్రం ధర్మపురి బస్సెక్కితే శంకరవ్వ పక్కన ఎవరూ కూర్చోరు. ఎంత తోముకున్నా చేతులకు కుక్కల వాసన, కొంగుకు ఉడికిన కోడి తలల వాసన పట్టే ఉంటాయి. మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు సంచిని పక్క సీట్లో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంది. గంగ అని పిలుచుకునే గోదావరి మీది వంతెన రాకముందే వాళ్ల ఊరి స్టేజీ. అక్కడ కండక్టరే లేపుతాడు, "కుక్కలమ్మా, దిగు, నీ పిల్లలు ఎదురు చూస్తున్నయ్" అని. అది ఉత్త ఎగతాళి కాదు. టీ కొట్టు వెనక నుంచి నాలుగైదు కుక్కలు లేచి, ఒళ్లు విరుచుకుని, ఆమె వెంట ఊళ్లోకి నడుస్తాయి.

ఎన్నో ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. పెనిమిటి హనుమండ్లు మస్కట్‌లో ఖర్జూరపు తోటలకు నీళ్లు పారిస్తాడు, ఎప్పుడో ఒకసారి వచ్చి కొన్నాళ్లుండి పోతాడు. బీడీ కార్ఖానా పని తగ్గించినప్పుడు, పక్కన కూర్చుని ఆకు కత్తిరించే షహర్ బానో, తన భర్త మక్బూల్ వ్యాన్ నడిపేచోట వంటకు మనిషి కావాలంటున్నారని చెప్పింది. ఎంతమందికి వండాలని అడిగింది శంకరవ్వ. మనుషులకు కాదని విని నవ్వింది. ఒక వారం పోయి చూద్దామనుకుంది. వారం కాస్తా ఏళ్లయింది.

మంచిర్యాల అవతల మూతపడిన రైస్‌మిల్లులో ఉంది ఆ షెల్టర్. వడ్లు ఆరబోసిన గచ్చు మీద ఇప్పుడు బోన్లు. లారీ తొక్కిన కుక్క, కడుపులో ప్లాస్టిక్ సంచులు పేరుకున్న ఆవు, కరెంటు తీగ పట్టుకుని చెయ్యి కాల్చుకున్న కోతి, ఏది వచ్చినా కాదనరు. నడిపేది వందన అనే పశువుల డాక్టరు. అయితే వాళ్ల అసలు పని వేరే. ఊరూరా తిరిగి వీధికుక్కలను పట్టుకొచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, గుర్తుకు ఎడమ చెవి కొన కత్తిరించి, పుండు మానాక ఏ గల్లీలో పట్టారో ఆ గల్లీలోనే వదిలిరావడం. ఏడాదికోసారి మళ్లీ పోయి సూది వేయడం.

పట్టడమే గండం. మక్బూల్ వల విసిరితే ఒక కుక్క చిక్కేది. దాని అరుపు విన్న మిగతావి నెలల తరబడి చిక్కేవి కావు. పొలిమేరలో వ్యాన్ చప్పుడు వినబడితే చాలు, చేన్లలో పడేవి. కుక్కకు మంచి నేర్పడానికి వారం పడుతుంది, చెడు నేర్పడానికి ఒక్క దెబ్బ చాలని మక్బూల్ విసుక్కునేవాడు.

షెల్టర్‌లో బువ్వ పెట్టేముందు శంకరవ్వ గంటెకు అంటిన మెతుకులు దులపడానికి సత్తు గిన్నె అంచు మీద కొట్టేది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. ఆ మోతకు కాలు విరిగినవి కూడా లేచి వచ్చేవి. అది చూసి వందనకు ఆలోచన తట్టింది. అప్పటి నుంచి, కుక్కలను పట్టబోయే ఊరికి వారం ముందే శంకరవ్వను పంపేవారు. ఆమె గల్లీ మొగదల నిలబడి గిన్నె కొట్టేది. వచ్చి కూర్చున్న కుక్కకే బువ్వ. తింటుండగా మెడ మీద చెయ్యి. వారం తిరిగేసరికి వల అక్కర్లేకుండా పోయేది. సూది గుచ్చుతున్నా కదలకుండా కూర్చునేవి.

ఊళ్లు ఎక్కువై శంకరవ్వ అన్ని చోట్లకూ పోలేకపోయింది. దాంతో ఆ మోతను ఏ ఊరికి ఆ ఊరి పంచాయతీ వాళ్లకే నేర్పడం మొదలుపెట్టారు. అంచుకు పచ్చరంగు పూసిన గిన్నె, ఒక గంటె షెల్టరే ఇచ్చింది. ఊరి కుక్కలకు ఊరి మనిషే దోస్తు కావాలని వందన ప్రతిచోటా చెప్పేది. శంకరవ్వ తన ఊళ్లో బడి ముందర నిలబడి, పదిమంది చూస్తుండగా నేర్పింది. అక్కడ మొదట తప్పు కొట్టి, జనం నవ్వితే పట్టుబట్టి నేర్చుకున్న మనిషి సదానందం. అప్పటికి అతను వార్డు మెంబరు. వరుసకు ఆమెను చిన్నమ్మా అంటాడు.

ఈ చలికాలం పంచాయతీ ఎన్నికల్లో సదానందం సర్పంచ్ అయ్యాడు. తనను గెలిపిస్తే ఊళ్లో కోతి, కుక్క కనబడవని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. చాలా ఊళ్లలో చాలామంది ఆ మాటే చెప్పారు. ఓట్లప్పుడు అనేవన్నీ అవుతాయా అనుకుంది శంకరవ్వ. ఆమె కూడా అతనికే ఓటేసింది.

చలి తగ్గుతుండగా ఏటా వేసే సూదుల పని మొదలైంది. గంగ వెంట పైకి పోతే వచ్చే ఒక ఊరికి మక్బూల్‌తో కలిసి వ్యాన్‌లో పోయింది. ఆ ఊరి కుక్కలంటే ఆమెకు ఇష్టం. వ్యాన్ దిగకముందే చుట్టుముట్టేవి. ఆ రోజు ఏదీ రాలేదు. గల్లీ మొగదల నిలబడి గిన్నె కొట్టింది. కాసేపు ఆగి మళ్లీ కొట్టింది. ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు తీగ మీది చీర వదిలేసి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. పాలాయన బండి గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది, దాని వెంట పడి మొరిగేది లేదు. ఊరంతా ఎప్పటిలాగే ఉంది. పొయ్యిల పొగ, ఎక్కడో టీవీ పాట, కల్లాపి చల్లిన వాకిళ్లు.

అరుగు మీద ఒక ముసలామె చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. శంకరవ్వ దగ్గరకు పోయి కుక్కలేవి అని అడిగింది. ముసలామె ఆమె ముఖం చూడలేదు, చేతిలోని గిన్నెను చూసింది.

"మల్ల కొడుతున్నవా బిడ్డా?"

మళ్లీ ఏంది, తాము ఇప్పుడే కదా వచ్చింది అని శంకరవ్వ అన్నది.

"మొన్న కొట్టిండ్లు గద. అన్ని వచ్చినయ్. ఒక్కటి గూడ ఆగలే," అని ముసలామె చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

మక్బూల్ చెత్త పోసే గుంట దాకా పోయి చూసి వచ్చాడు. తాజాగా ఎగదోసిన మన్ను, దాని మీద చల్లిన సున్నం, ట్రాక్టర్ టైర్ల గాడి. చేతిలో సత్తు గిన్నె ఒకటి ఉంది. అంచుకు పచ్చరంగు, అడుగున ఎండి అంటుకున్న మెతుకులు. శంకరవ్వ అందుకోబోతే విషం ఉంటుంది, వద్దని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి సీటు కింద పెట్టాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. వ్యాన్ ఎక్కాడు కాని చాలాసేపు తాళం తిప్పలేదు.

"ఉరకనన్న లేదక్కా అవి. వచ్చి కూసున్నట్టున్నయ్," అన్నాడు చివరికి.

వందన ఠాణాలో కాగితం ఇచ్చింది. గిన్నెలు ఇచ్చిన ప్రతి పంచాయతీకి ఫోన్ చేసి వాటిని వాపసు అడిగింది. కొందరు ఇచ్చారు, కొందరు ఎక్కడో పడిపోయిందన్నారు. బోన్ల పక్కన గోడకు పేర్చిన ఆ గిన్నెల ముందు నుంచి పోకుండా శంకరవ్వ చుట్టూ తిరిగి పోయేది. గిన్నెనైతే వాపసు తేవచ్చు. మోతను ఎవరు తెస్తారు? ఏ సత్తు పళ్లెం మీద కొట్టినా అదే మోత. షెల్టర్‌లో బువ్వ పెట్టేటప్పుడు గంటెను గిన్నెకు తాకనివ్వడం మానేసింది. మెతుకులు వేలితో తీసేది.

కొద్దిరోజులకే తన ఊళ్లో కిష్టవ్వ మనవరాలిని కుక్క కరిచింది. బడి నుంచి వస్తుంటే వెనక నుంచి వచ్చి పిక్క పట్టింది. దాని చెవి కొన తెగి ఉందా లేదా, ఊరి కుక్కా బయటి కుక్కా, భయంలో పిల్ల చూడలేదు. శంకరవ్వే పిల్లను ఎత్తుకుపోయి, నల్లా కింద పెట్టి సబ్బుతో పుండు కడిగింది. ఆటో మాట్లాడి దవాఖానకు తీసుకుపోయింది. తిరిగి వచ్చి ఆటో దిగేటప్పుడు, వెంట వచ్చిన కిష్టవ్వ అన్నది.

"వదినె, నీ చెయ్యి మంచిదే. గని నీ కుక్కలు మంచియి గావు."

రెండో రోజు మధ్యాహ్నం సదానందం శంకరవ్వ ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. హనుమండ్లు ఫోన్ చేస్తున్నాడా, మస్కట్‌లో ఎండలు మొదలయ్యాయా అని అడిగాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. సగం తాగి, చెంబు ఒళ్లో పెట్టుకుని అసలు మాటకు వచ్చాడు.

"చిన్నమ్మా, రేపు పొద్దుగాల నువ్వు జర గిన్నె కొట్టాలె. ట్రాక్టర్ వస్తది. ఎక్కించుకపోయి బోథ్ దిక్కు అడివిల ఇడిసిపెట్టి వస్తరు."

అడవిలో ఏం తిని బతుకుతాయని ఆమె అడిగింది. అది వాటి నసీబు అన్నాడు. ఎవరి ట్రాక్టర్ అని అడిగితే పక్క మండలం వాళ్లదని, మనుషులు కూడా వాళ్లేనని, ఇట్లాంటి పని వాళ్లకు అలవాటేనని చెప్పాడు. ఆమె పొద్దున్నే లేచి వండే పని కూడా పెట్టుకోవద్దన్నాడు.

"బువ్వ వాళ్లే తెస్తరు. నీకెందుకు తక్లీఫ్."

శంకరవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. "బండి ఎక్కించెటందుకు బువ్వ ఎందుకు సదానందం? అవి ఉత్త గిన్నెకే వస్తయి."

మిగిలిన నీళ్లు తాగాడు.

"నేను కొట్ట," అన్నది శంకరవ్వ.

"నువ్వు కొట్టకున్నా ఆగదు చిన్నమ్మా. ఊరంతా అడుగుతుండ్లు, నేనేం జెయ్యాలె." ఖాళీ చెంబును పైకెత్తి, వేలి ఉంగరంతో దాని అంచు మీద కొట్టాడు. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా.

దొడ్డి గోడ నీడలో పడుకున్న కర్రి లేచింది. శంకరవ్వ ఇంటి ముందరే ఉండే నల్ల కుక్క అది. ఒళ్లు దులుపుకుని, నేరుగా అతని ముందుకు వచ్చి, తోక నేల మీద ఊపుతూ కూర్చుంది. సదానందం దాని తల నిమిరాడు.

"ఎంత బుద్ధిమంతురాలు," అన్నాడు. నిజంగా ముచ్చటపడే అన్నాడు. చెంబు మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె వెంటనే వందనకు ఫోన్ చేసింది. వందన, మక్బూల్ వ్యాన్‌తో ఆదిలాబాద్ అవతల ఉన్నారు. బావిలో పడిన ఎద్దును తీయడానికి పోయారు, రేపు మధ్యాహ్నానికి గాని రారు. ఠాణాకు ఫోన్ చేస్తే పొద్దున మనిషిని పంపుతామన్నారు, ఏ వేళకో చెప్పలేదు. ఎట్లాగైనా తాము వచ్చేదాకా ఆపమని వందన బతిమాలింది. ఎట్లా ఆపాలో ఆమెకూ తెలియదు. ఇంట్లో కట్టేద్దామంటే ఊరి కుక్కలన్నీ పట్టే ఇల్లు కాదు. కట్టేసినా, ఆ మోత వింటే తాళ్లు కొరుక్కుని పోతాయి.

ఆ మాట మనసులోకి రాగానే శంకరవ్వ కదలకుండా కూర్చుంది. అవి పోకుండా ఎవరూ ఆపలేరు. అవే పోనంటే తప్ప. వల చూసిన ఊళ్లలో కుక్కలు వ్యాన్ చప్పుడుకు ఎట్లా పారిపోయేవో ఆమె కళ్లారా చూసింది. వాటికి ఎవరూ నచ్చజెప్పలేదు. ఒక్కసారి దెబ్బ తగిలింది, అంతే.

ఎండ ఇంకా ఉంది. చింత బరిగె విరుచుకుంది. రోడ్డు పక్కన పోసిన కంకర ఏరి ఒళ్లో కట్టుకుంది. గిన్నె, గంటె తీసుకుని స్టేజీ దగ్గరికి నడిచింది. కర్రి వెంట వచ్చింది.

గిన్నె కొట్టింది. టీ కొట్టు వెనక నుంచి అన్నీ వచ్చాయి. వచ్చి కూర్చున్నాయి. రోజూ ఆమె వెంట నడిచే కుక్కలే. బరిగె ఎత్తితే ఒక్కటీ జంకలేదు. ఆ బరిగెను అవి ఎన్నడూ చూడలేదు. మొదటి దెబ్బ కర్రికి వేసింది. అది అరిచి, పారిపోకుండా, వెల్లకిలా పడి పొట్ట చూపించింది. ఏదో తన తప్పే అనుకున్నట్టు ఆమె ముఖంలోకి చూసింది. రెండో దెబ్బ పొట్ట మీద వేయాల్సి వచ్చింది. అప్పుడు లేచి ఉరికింది. మిగతావాటి మీద రాళ్లు విసిరింది. అవి దూరం పోయి నిలబడితే మళ్లీ గిన్నె కొట్టింది. రెండు మాత్రం అడుగులో అడుగేసుకుంటూ మళ్లీ వచ్చాయి. వాటిని ఇంకా గట్టిగా కొట్టింది.

గల్లీ గల్లీ అట్లాగే తిరిగింది. బడి వెనకకు చేరేసరికి జనం వాకిళ్లలోకి వచ్చారు. కిష్టవ్వ తడక పట్టుకుని చూస్తూ నిలబడింది. మనవరాలి పిక్కకు కట్టిన తెల్లగుడ్డ ఆమె కొంగు చాటు నుంచి కనబడుతోంది. "గిప్పటికన్న కండ్లు తెరిసినవా వదినె," అన్నది కిష్టవ్వ. శంకరవ్వ జవాబు చెప్పలేదు. చెబితే మాట సదానందం దాకా పోతుంది. కిష్టవ్వ లోపలికి పోయి తట్టలో రాళ్లు పోసుకుని వచ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. శంకరవ్వ గిన్నె కొడుతుంటే వాళ్లు కాచుకుని విసిరారు. ఆమె చూసి విసిరేది, కాళ్ల ముందు నేల మీద పడేట్టు, పడితే పిరుదుల మీద పడేట్టు. వాళ్లు చూడలేదు. ఒక గోధుమరంగు కుక్క వెనక కాలు ఎత్తిపట్టుకుని కాల్వ గట్టు మీదికి పోయింది. ఆపండని నోటిదాకా వచ్చింది. మింగేసింది. గిన్నె కొట్టింది.

పొద్దు గుంకేసరికి ఊళ్లో కుక్క లేదు. మక్క చేన్ల దిక్కు నుంచి అరుపులు వినబడుతున్నాయి. ఇంటి ముందు చివరిసారి గిన్నె కొట్టి చూసింది. ఏదీ రాలేదు. పక్క ఊరు పోలేపల్లె దిక్కుగా ఒకటి ఏడ్చినట్టు మొరిగింది. ఆమె ఆ పూట తినలేదు.

పొద్దున్నే పంచాయతీ ముందర మోత మొదలైంది. తప్పులేకుండా కొడుతున్నాడు సదానందం. శంకరవ్వ గుమ్మంలో కూర్చుంది. ఊరు కిక్కురుమనలేదు. మళ్లీ కొట్టాడు. ఆగి, ఊరి మధ్యకు వచ్చి, ఇంకా గట్టిగా కొట్టాడు. ఒక్క కుక్క కూడా కనబడలేదు. శంకరవ్వ ఊపిరి వదిలింది.

అప్పుడు రోడ్డు మీద గోళ్ల చప్పుడు వినబడింది. ఇటుక బట్టీల దిక్కు నుంచి చిన్న గుంపు వస్తోంది. నిన్న ఊరంతా తిరిగిన ఆమె, పొలిమేర అవతల ఉన్న బట్టీలను మరిచింది. అక్కడి పనివాళ్లు పోయినేడు షెల్టర్‌కు తెచ్చి ఆపరేషన్ చేయించిన కుక్కలవి. చెవులు నిక్కించుకుని, తోకలు లేపి, మోత దిక్కు పరుగెత్తుతున్నాయి. శంకరవ్వ చెప్పులు లేకుండా వాటికి అడ్డం ఉరికింది. చేతులు చాచింది, అరిచింది, దొరికిన పెళ్ల విసిరింది. అవి ఆగాయి. ఆగి ఆమెను గుర్తుపట్టి, చుట్టూ తిరిగి, ఆమె చేతులు వాసన చూశాయి. చేతుల్లో బువ్వ లేదు. మోత మళ్లీ వినబడింది. ఆమెను దాటుకుని పోయాయి.

ఆమె వాటి వెనక పోయింది కాని, పంచాయతీ మూలకు చేరేసరికి సదానందం మనుషులిద్దరు అడ్డం నిలబడ్డారు. అమ్మా, అటు పోవద్దు, మంచిది కాదని మర్యాదగానే చెప్పారు. వాళ్ల భుజాల సందులోంచి ఆమెకు వరుసగా కూర్చున్న కుక్కల వీపులు కనిపించాయి.

ఠాణా మనిషి, వందన, వ్యాన్ అందరూ మధ్యాహ్నం ఒకేసారి వచ్చారు. అప్పటికి ట్రాక్టర్ లేదు. పంచాయతీ ముందర నేల కడిగి ఉంది. కుక్కలను ఎవరో వచ్చి అడవికి తీసుకుపోయారని, ఎవరో తనకు తెలియదని సదానందం చెప్పాడు. ఠాణా మనిషి రాసుకున్నాడు. మిగిలిన కుక్కలనైనా షెల్టర్‌కు తీసుకుపోదామని వందన వ్యాన్‌లోంచి గిన్నె తీసింది. కొట్టింది. మక్క చేన్లో ఎక్కడో ఆకులు గలగలమన్నాయి, అంతే. నిన్న ఏం చేసిందో శంకరవ్వ అప్పుడు చెప్పింది. వందన గిన్నెను మళ్లీ వ్యాన్‌లో పెట్టింది. ఈ ఏటి సూదులు వీటికి ఇంకా పడలేదు. దెబ్బతిన్న కుక్క దగ్గరికి పోతే కరుస్తుంది. కరిస్తే ఊరు ఏమంటుందో ముగ్గురికీ తెలుసు.

"మంచి పనే చేసినవక్కా," అన్నాడు మక్బూల్. ఆమె ముఖం చూడకుండా అన్నాడు. వ్యాన్ ఖాళీ బోన్లతో వెళ్లిపోయింది.

వాళ్లు పోయాక సదానందం ఆమె పక్కగా వచ్చి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు.

"చేన్ల ఎన్ని రోజులుంటయ్ చిన్నమ్మా? మక్క కోతలైతే చాటు గూడ ఉండదు. ఆకలైతే అవే వస్తయ్. నాకేం తొందర లేదు."

ఆ సాయంత్రం దొడ్డి వెనక గట్టు మీద కర్రి కనబడింది. ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. ఎవరూ గిన్నె కొట్టలేదు, ఎవరూ పిలవలేదు. శంకరవ్వ అన్నం గిన్నె ముందు కూర్చుని ఉంది. కర్రి ఒక అడుగు వేసి ఆగింది. తల వంచింది. తోక కొసను కొద్దిగా కదిపింది. ఇంకో అడుగు వేసింది.

శంకరవ్వ చేతి ముద్దను గిన్నెలో వదిలేసింది. వంగి, ఎడమ చేత్తో నేల తడిమి రాయి ఏరుకుంది. కర్రి ఆ చేతిని చూసింది. అయినా అక్కడే నిలబడి ఉంది. ఆమె లేచి, గురి చూసి విసిరింది.